ఖాళీ కాటా మీద నలభై అయిదు కిలోలు

దయ్యాలన్నా, గాలీ ధూళీ అన్నా నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. వయసులో ఉన్నప్పుడు మిరపకాయల కల్లాల దగ్గర ఒంటరిగా కాపలా పడుకున్నదాన్ని. దొంగలకు భయపడ్డాను, పాములకు భయపడ్డాను, అంతే. ఇప్పటికీ ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే లేచి వెళ్ళి నా పని చూసుకుంటాను.

అక్షరాలు నాకు నలభై దాటాక వచ్చాయి. లేనిదాన్ని అల్లి రాసేంత నేర్పు నాకు లేదు. నేను చూసిందీ, నా పక్కనున్నవాళ్ళు చూసిందీ మాత్రమే రాస్తున్నాను.

అప్పట్లో నేను పర్చూరు దగ్గర ఒక జిన్నింగు మిల్లులో పనిచేసేదాన్ని. రైతుల పత్తి ట్రాక్టర్ల మీద వస్తుంది. మిల్లులో గింజ తీసి, దూదిని బేళ్ళు కడతారు. వచ్చిన పత్తిని ఆవరణలో రెండు నిలువుల ఎత్తున గుట్టలు పోస్తారు. ఆడవాళ్ళు ఆ గుట్టల దగ్గర పుచ్చూ చెత్తా ఏరి, మంచి పత్తిని గంపలకెత్తి లోపలికి మోస్తారు.

నేనూ నాగూర్‌బీ ఏళ్ళ తరబడి ఆ పనే చేశాం. మా వీధిలో సాయంత్రం పూట పెద్దవాళ్ళకు చదువు చెప్పినప్పుడు కూడా కలిసే వెళ్ళాం, ఒకే పలక మీద దిద్దాం. ఆమెకు చదువు మీద మనసు నిలవలేదు. నాకు నిలిచింది. పేర్లు, అంకెలు తప్పులేకుండా రాయడం వచ్చాక మేనేజరు సుబ్బారావు గారు నన్ను గుట్టల దగ్గర నుంచి తీసి కాటా గదిలో పెట్టారు.

కాటా అంటే బండ్లు తూచే వేబ్రిడ్జి. బండి దాని మీద నిలబడగానే మనుషులందరూ కిందికి దిగాలి. పత్తి మీద పడుకుని వచ్చే కూలీలు ఒక్కోసారి నిద్రలో ఉండిపోతారు. అందుకని చీటీ కొట్టేముందు నేను కిటికీలోంచి "అందరూ దిగారా?" అని గట్టిగా కేకేయాలి. అది నా ఉద్యోగంలో భాగం.

డ్రైవర్లు తల ఊపేవాళ్ళు. కానీ ప్రతిసారీ గుట్ట వెనక నుంచి నాగూర్‌బీ గొంతు వచ్చేది. "మేమంతా ఎప్పుడో దిగాం, కుర్చీ ఎక్కిన నువ్వే దిగలా కోటక్కా!"

రోజుకు ముప్పై బండ్లొస్తే ముప్పైసార్లూ అదే మాట. ఆడవాళ్ళందరూ నవ్వేవాళ్ళు.

కాటా గదిలో గోడకు ఎర్ర అంకెలు వెలిగే డబ్బా ఒకటి ఉండేది. బరువు ముందు దాంట్లో పడుతుంది. అక్కడి నుంచి వైరు మీద కంప్యూటరుకు వెళ్తుంది. కంప్యూటరు చీటీ కొడుతుంది. రెండింట్లోనూ ఒకే అంకె ఉండాలి. పెద్ద కాటా కాబట్టి అయిదేసి కిలోల తేడాతోనే చూపిస్తుంది.

పత్తి జోరుగా వచ్చే రోజుల్లో ఆ కంప్యూటరులోని హార్డ్ డిస్కు కీచుమని చప్పుడు చేయడం మొదలుపెట్టింది. అది పోతే పాత చీటీలన్నీ పోతాయన్నారు. గుంటూరు నుంచి ప్రసాద్ గారు అనే రిపేరు ఆయన కొత్త డిస్కు తెచ్చారు. నెమ్మదస్తుడు, నలభై ఏళ్ళ మనిషి. పాతదాన్ని తీయకుండా దాని పక్కనే కొత్తది బిగిస్తానన్నారు.

అప్పుడే నాగూర్‌బీ మంచినీళ్ళ కోసం గదిలోకి వచ్చింది. బల్ల మీది కొత్త డిస్కును తీసి అరచేతిలో పెట్టుకుంది.

"దీంట్లో మిల్లంతా పడుద్దా? మా పోపుల డబ్బా ఇంతకన్నా పెద్దది. కానీ బరువుంది కోటక్కా, చంటిపిల్లను ఎత్తుకున్నట్టుంది."

నేను దాన్ని తీసుకుని పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను. మా వైపు కొత్త ట్రాక్టరుకైనా, కొత్త మోటారుకైనా అలా పెట్టనిదే పని మొదలుపెట్టం. ప్రసాద్ గారు నవ్వి, "ఆ చిన్న రంధ్రం మీద మాత్రం పెట్టకండమ్మా, అది దానికి గాలి పోయే దారి" అన్నారు. రంధ్రం వదిలేసి పక్కన పెట్టాను.

బిగించి ఆన్ చేశారు. ఖాళీ కాటా. గోడ మీది డబ్బాలో సున్నా ఉంది. కంప్యూటరులో నలభై అయిదు ఉంది.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. ప్రసాద్ గారు ఆపి మళ్ళీ ఆన్ చేశారు. నలభై అయిదే. ట్రాక్టరు ఎక్కితే డబ్బాలో కనిపించే బరువుకు కంప్యూటరు నలభై అయిదు కలిపి చూపిస్తోంది. ట్రాక్టరు దిగిపోతే ఖాళీ కాటా మీద మళ్ళీ నలభై అయిదు.

ఆయన నాకు అర్థమయ్యేలా చెప్పారు. కంప్యూటరులో ప్రతి వస్తువుకూ పిలవడానికి ఒక నంబరు ఉంటుందట. కొత్తది బిగించినప్పుడు ఒకే నంబరు ఇద్దరికి పడితే, ఒకరిని పిలిస్తే ఇంకొకరు పలుకుతారట. దాన్నే కాన్‌ఫ్లిక్ట్ అంటారన్నారు. "మీ వీధిలో ఇద్దరు కోటమ్మలున్నారనుకోండి, పిలిస్తే ఎవరు పలికారో తెలియదు కదా. ఇదీ అంతే."

ఆ మాట నాకు సబబుగానే అనిపించింది.

సుబ్బారావు గారికి మాత్రం కోపం వచ్చింది. "అది కంప్యూటరా, అమ్మోరా? పసుపు పూసి పెట్టావు! ఇది బాగవకపోతే నువ్వు మళ్ళీ గంప ఎత్తాల్సిందే కోటమ్మా" అన్నారు. పసుపు వల్ల కాదని ప్రసాద్ గారు నా తరఫున చెప్పారు.

ఆయన రోజూ బస్సు మీద వచ్చేవారు. డిస్కుల వెనక చిన్న పిన్నులుంటాయి. వాటిని అటూ ఇటూ మార్చి పెట్టారు. వైర్లు మార్చారు. వేబ్రిడ్జి వైరు వచ్చే కార్డును ఒక గాడిలోంచి తీసి ఇంకో గాడిలో పెట్టారు, దాని నంబరు మార్చారు. పాత డిస్కు తీసేస్తే నలభై అయిదు అలాగే ఉంది. కొత్తది తీసేస్తే సున్నా. మళ్ళీ పెడితే నలభై అయిదు. ఒకసారి పూట మొత్తం సున్నా నిలిచింది. అందరం సంతోషించాం. భోజనం చేసి వచ్చేసరికి నలభై అయిదు కూర్చుని ఉంది.

ప్రసాద్ గారిని ఇబ్బంది పెట్టింది వేరే విషయం. "యంత్రంలో తప్పుంటే రోజుకో రకంగా చూపిస్తుందమ్మా. ఇవాళ మూడొందలు, రేపు పది. ఇది కదలదేంటి? నలభై కాదు, యాభై కాదు. ఇది తప్పులాగా లేదు, నిజంగా తూచినట్టుంది" అన్నారు. ఆ మాట ఆయన నవ్వుతూ అనలేదు.

నాలుగో రోజుకు బండ్లు రోడ్డు దాకా నిలిచిపోయాయి. సుబ్బారావు గారు ఒక ఉపాయం చెప్పారు. ఎప్పుడూ నలభై అయిదే కదా, వచ్చిన బరువులోంచి నలభై అయిదు తీసేసి చూపించేలా కంప్యూటరుకు చెప్పేయమన్నారు. ప్రసాద్ గారు అలాగే చేశారు. చీటీలు సరిగ్గా వచ్చాయి. ఖాళీ కాటా మీద సున్నా కనిపించింది. లోపల నలభై అయిదు ఉందని మాకు తెలుసు, కానీ కంటికి కనపడదు. పని నడిచిపోయింది. అయినా తప్పు ఎక్కడుందో తేలేదాకా ప్రసాద్ గారు రావడం మానలేదు.

ఆ మధ్యాహ్నమే ఆడవాళ్ళు బేళ్ళు తూచే చిన్న కాటా ఎక్కి సరదాగా బరువులు చూసుకున్నారు. నలభై అయిదుకు అటూ ఇటూగా నలుగురున్నారు. నాగూర్‌బీ ఎక్కినప్పుడు ముల్లు సరిగ్గా నలభై అయిదు మీద నిలిచింది.

"ఓసోస్, మీ కంప్యూటరులో కూర్చుంది నేనేనన్నమాట! పోన్లే, ఇక్కడ ఎండకు మాడుతున్నా, అక్కడన్నా ఫ్యాను కింద ఉన్నా" అంది. అందరూ పడిపడి నవ్వారు. నేనూ నవ్వాను.

నవ్వానే గాని ఆ పూట అన్నం సహించలేదు. మర్నాడు నాగూర్‌బీ జ్వరమని పనికి రాలేదు. ఎందుకో తెలుసుకోవాలనిపించి ప్రసాద్ గారిని ఆ తీసివేత ఒకసారి ఆపి చూపించమన్నాను. నలభై అయిదు అలాగే ఉంది. ఆమె లేకపోయినా ఉందంటే ఆమెకూ దీనికీ సంబంధం లేదనుకుని మనసు కుదుటపరుచుకున్నాను. రెండు రోజులకు ఆమె మళ్ళీ పనిలోకి వచ్చింది.

తొమ్మిదో రోజు. భోజనాల వేళ. ఎండ బాగా ఉంది. ప్రసాద్ గారు కంప్యూటరు మూత తీసి, ఏం చేద్దామా అని చూస్తూ కూర్చున్నారు. ఇంకా దేన్నీ ముట్టుకోలేదు. కాటా ఖాళీగా ఉంది. నేను తెర వైపు చూశాను. సున్నా లేదు. నలభై అయిదు ఉంది, దాని ముందు చిన్న అడ్డగీత ఉంది.

అంకెకు ముందు అలాంటి గీత నేను ఎప్పుడూ చూడలేదు. మా చదువులో అంతదాకా చెప్పలేదు.

"సార్, ఈ గీతేంటి?"

ఆయన చూసి తొడ చరుచుకున్నారు. "పోయింది! కాన్‌ఫ్లిక్ట్ దానంతటదే పోయింది! మనం నలభై అయిదు తీసేయమని చెప్పాం కదా, తీయడానికి ఇప్పుడు లోపల ఏమీ లేదు. అందుకే గీత. ఉండాల్సింది లేదని దాని అర్థమమ్మా."

ఉండాల్సింది లేదు. ఆ మాట వినగానే నేను కుర్చీలోంచి లేచాను. ఎందుకని అడిగితే ఇవాళ కూడా చెప్పలేను. ఆయన సంతోషంగా చీటీ కొట్టుకుంటున్నారు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. కాటా మీద బండి లేకపోయినా "అందరూ దిగారా?" అని కేకేశాను.

జవాబు రాలేదు.

మళ్ళీ కేకేశాను. గుట్టల వైపు నుంచి ఏ మాటా లేదు. ఆడవాళ్ళు చాలామంది షెడ్డు నీడలో అన్నాలు తింటున్నారు. వాళ్ళలో నాగూర్‌బీ లేదు.

పత్తిని కింద నుంచి లాగుతుంటే గుట్ట అడుగున గుహలాంటి బోలు ఏర్పడుతుంది. చల్లగా ఉంటుంది. నేను గుట్టల దగ్గర ఉన్నప్పుడు మేమిద్దరం అక్కడే కూర్చుని తినేవాళ్ళం. పైనుంచి జారితే ఏమవుతుందో అందరికీ తెలుసు, అయినా కూర్చుంటాం. నేను పరుగెత్తి వెళ్ళేసరికి, పొద్దున నాగూర్‌బీ పత్తి లాగిన చివరి గుట్టకు బోలు లేదు. ముందువైపు నున్నగా, ఇప్పుడే పోసినట్టు ఉంది. పత్తి కదా, పడినా చప్పుడు రాదు.

నేను అరిచిన అరుపుకు షెడ్డులో ఉన్నవాళ్ళందరూ వచ్చారు. పారలు వద్దని చేతులతోనే లాగాం. లాగేకొద్దీ పైనుంచి జారుతోంది. ఎంతసేపు లాగామో తెలియదు. ముందు ఆమె చెయ్యి దొరికింది, తర్వాత జడ. నోటి నిండా పత్తి. ఊపిరి లేదు. ఎవరో నోట్లో వేలు పెట్టి పత్తి తీశారు, ఎవరో వీపు మీద గట్టిగా చరిచారు. నేను ఆమె చెవి దగ్గర పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. చాలాసేపటికి ఒక్క దగ్గు వచ్చింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వారం రోజులు ఉంది. బతికింది.

ఆటో వెళ్ళాక నేను గదిలోకి వచ్చాను. ప్రసాద్ గారు కుర్చీలోనే ఉన్నారు. ఆయన చేతిలో రెండు చీటీలున్నాయి. మొదటిది నేను గీత గురించి అడిగినప్పుడు కొట్టినది. గీతతో నలభై అయిదు. రెండోది దాని తర్వాత పన్నెండు నిమిషాలకు కొట్టినది. సున్నా.

"నేను ఇక్కణ్ణుంచి కదలలేదమ్మా. దేన్నీ ముట్టుకోలేదు. చూస్తుండగానే గీత పోయి సున్నా అయింది. అదే టైముకు బయట అందరూ 'దగ్గింది, దగ్గింది' అని అరిచారు" అన్నారు. రెండు చీటీలూ నా చేతిలో పెట్టేశారు.

తీసివేత అలాగే ఉంది. అయినా సున్నా వచ్చిందంటే నలభై అయిదు తిరిగి వచ్చిందన్నమాట.

ఆ సాయంత్రమే ఆయన కొత్త డిస్కు ఊడదీశారు. మర్నాడు ఇంకో డిస్కు తెచ్చి, అదే వైరుకు, అదే చోట, పిన్నులు అలాగే ఉంచి బిగించారు. ఒక్క కిలో తేడా రాలేదు. నేను అక్కడ పనిచేసినన్నాళ్ళూ మళ్ళీ రాలేదు. ఊడదీసిన డిస్కును గుంటూరు తీసుకెళ్ళనని ఆయన ఖరాఖండీగా చెప్పేశారు. సుబ్బారావు గారు, "వైరు లూజై ఉంటుంది, దానికింత కథా? పారేయండి" అన్నారు. నేను తీసుకున్నాను.

వైరు లూజని ఆయన అన్నది నిజమేనేమో. ఖాళీ కాటా మీద తొమ్మిది రోజులు ఏం తూగిందో, ఆమె గుట్ట కింద పడింది మొదలు దగ్గేదాకా అది ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. చదువుకున్నవాళ్ళను ఇద్దరు ముగ్గురిని అడిగాను. ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పారు. ఆ రెండు చీటీల మీద అచ్చు వెలిసిపోయింది, ఇప్పుడు వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే తప్ప అంకెలు కనపడవు.

డిస్కు మా ఇంట్లో ఇనప్పెట్టెలో ఉంది. పాత చీరలో చుట్టి పెట్టాను. పసుపు పోయింది గాని కుంకుమ మరక ఉంది. దాన్ని మళ్ళీ ఎక్కడైనా పెట్టి చూసే ధైర్యం నాకు లేదు. పారేసే ధైర్యం అంతకన్నా లేదు. ప్రసాద్ గారు వెళ్ళే ముందు ఒక మాట చెప్పారు. వాడకుండా ఉంచినా, ఇలాంటివి కొన్నేళ్ళకు లోపల వాటంతటవే పాడైపోతాయట. ఆ మాట ఆయన చెప్పకుండా ఉంటే బాగుండేది.

నాగూర్‌బీ ఇప్పటికీ మా ఇంటికి వస్తుంది. ఆ రోజు నుంచి ఏ కాటా ఎక్కదు, ఆసుపత్రిలో కూడా ఎక్కనంటుంది. గడపలో చెప్పులు విప్పుతూ అడుగుతుంది.

"నన్ను చెమ్మ తగలకుండా పెట్టావా కోటక్కా?"

నవ్వుతూనే అడుగుతుంది. కానీ నేను పెట్టానని చెప్పేదాకా కూర్చోదు.