బండలు పరిచిన వంటవాడు

మొన్న మా మేనకోడలు ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. "చూడు మామా, వచ్చేసింది" అంది. జర్మనీలో నర్సు ఉద్యోగానికి అక్కడివాళ్లు ఇచ్చిన పర్మిట్. నాకు ఆ భాష రాదు. పిల్లే వేలు పెట్టి చూపించింది, ఇది పేరు, ఇది పుట్టిన తేదీ, ఇది చేసే పని అని. చేసే పని దగ్గర నర్సు అనే ఉందట. "నాలుగు నెల్లు సతాయించిండ్రు మామా, ఎన్ని కాయితాలడిగిండ్రో" అని విసుక్కుంది. సంతోషించాల్సిన మాటే, సంతోషించాను కూడా. కానీ పని పేరు రాసున్న ఆ ఒక్క గీత దగ్గర చూపు ఆగిపోయి లోపల భగ్గుమంది. నా ముఖం చూసి పిల్ల భయపడింది. "ఏంది మామా, మంచిగ లేదా?" అంది. మంచిగనే ఉంది బిడ్డా, మీ నాయిన కాయితం యాదికొచ్చింది, అంతే అన్నాను.

వాళ్ల నాయిన అంటే మా అక్క భర్త, మా బావ. సుతారి పని ఆయనది. గోడలు కట్టేవాడు, ప్లాస్టరింగు చేసేవాడు, కానీ ఆయన ప్రాణమంతా బండలు పరచడంలో ఉండేది. జగిత్యాల చుట్టుపక్కల ఎవరు ఇల్లు కట్టుకున్నా బండల పనికి ఆయన కోసం నెలైనా ఆగేవాళ్లు. రసమట్టం పెట్టి చూసింది చాలదన్నట్టు, పని అయ్యాక నేల మీద బోర్లా పడుకుని చెంప ఆనించి ఒక కన్ను మూసి చూసేవాడు. మా అక్క తిట్టేది, ఆ నేలనే పెళ్లి చేసుకోకపోయావా అని. ఆయన నవ్వి ఇంకో మూలకు పాకేవాడు.

తొంభైల మొదట్లో ఆయన బహ్రెయిన్ వచ్చేనాటికి నేను అక్కడ నయీమ్ అనే పేటలో ఒక దర్జీ దుకాణంలో కటింగ్ మాస్టర్‌ని. మా ఊళ్లో మాత్రం ఇద్దరం దుబాయి పోయినట్టే లెక్క. గల్ఫులో ఎక్కడున్నా మావాళ్లకది దుబాయే. ఏజెంటు బావకు సుతారి వీసా అని చెప్పి పంపాడు. విమానాశ్రయం బయట ఆయన చేతిలోని కాయితం తీసుకుని చూశాను. కొలతలు రాసుకోవడానికి నేర్చుకున్న అరబ్బీ అక్షరాలు కూడబలుక్కుంటే, పని అన్నచోట తబ్బాఖ్ అని ఉంది.

"అంటే ఏంది బామ్మర్ది?" అన్నాడు.

"వంటోడు బావా."

జనమంతా తిరిగి చూసేటట్టు నవ్వాడు. చాయ పెట్టడం కూడా రాని మనిషి. "మీ అక్కకు చెప్పకు. ఇంటికి పోయినంక పొయ్యి నాకే అప్పజెప్తది" అన్నాడు. నేనూ నవ్వాను. అప్పట్లో అదేం వింత కాదు. మా గదిలోనే డ్రైవరు పని చేసే హైదరాబాదు భాయ్ కాయితం మీద తోటమాలి, రంగులేసే నిజామాబాదు ఆయన కాయితం మీద చేపలు పట్టేవాడు. కఫీల్, అంటే మన పూచీ తీసుకుని పర్మిట్ తెప్పించే ఆ దేశపు మనిషి, తన దగ్గర ఏ పని ఖాళీ ఉంటే అది రాయించేవాడు. మనం వచ్చి దొరికిన చోట దొరికిన పని చేసుకోవడం. నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు మీదే నాకు మండుతుంది. ఏళ్ల తరబడి చేతులు అరగదీసుకుని నేర్చుకున్న పనిని ఎవడో ఒక్క మాటతో కొట్టేస్తే, నవ్వి జేబులో పెట్టుకున్నాం.

బావ ఒక కాంట్రాక్టరు దగ్గర కుదిరాడు. మార్బుల్ పనికి ఆయనను మించినవాడు లేడని నెలకే పేరొచ్చింది. ఏడాది దాటాక జింజ్‌లో ఒక విల్లా పని జరుగుతుండగా పర్మిట్లు చూసే తనిఖీవాళ్లు వచ్చారు. మిగతావాళ్లంతా వెనక గోడ దూకి పారిపోయారు. బావ అప్పుడే తడి సిమెంటు మీద పెద్ద రాయి దించాడు. దాన్ని సరిచేయకుండా కదలడానికి ఆయనకు మనసొప్పలేదు. వాళ్లు లోపలికొచ్చేసరికి రబ్బరు సుత్తితో మూలలు తడుతూ కూర్చున్నాడట. పట్టుకుపోయారు. జిదాఫ్స్‌లో బజారు వెనక ఉండే కఫీల్ దగ్గరికి నేనే పరిగెత్తాను. ముసలాయన వచ్చి, వీడు నా వంటవాడే, సైటు వాళ్లకు అన్నం తీసుకెళ్లాడు అని చెప్పాడు. మోచేతుల దాకా సిమెంటుతో ఉన్న వంటవాణ్ని వాళ్లు ఎగాదిగా చూసి వదిలేశారు. కార్లో ఆ ముసలాయన నన్ను అడిగాడు, అందరూ పారిపోతే ఈ పిచ్చివాడెందుకు కూర్చున్నాడని. బావనడిగితే, "రాయి పచ్చి మీదుండె" అన్నాడు. దాన్ని అరబ్బీలో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

ఆ రోజుతో బావ నవ్వు ఆగిపోయింది. "దొంగతనం చేస్తలేను, ఎందుకు దాసుకోవాలె? నా కాయితం మీద నా పనే ఉండాలె" అని పట్టుబట్టాడు. కాంట్రాక్టరు తన పేరు మీద పర్మిట్ పెట్టడానికి ఒప్పుకున్నాడు. కావలసిందల్లా పాత కఫీల్ విడిచిపెడుతున్నట్టు ఇచ్చే రిలీజ్ కాయితం. దాని కోసం ఎన్నిసార్లు జిదాఫ్స్ తిరిగామో! వెళ్లిన ప్రతిసారీ ఖర్జూరాలు పెట్టేవాడు, గహ్వా, అంటే వాళ్ల కాఫీ, పోసేవాడు, "బాచర్, బాచర్" అనేవాడు. బాచర్ అంటే రేపు. చివరికొకనాడు మనసులో మాట చెప్పాడు. తన మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే పెద్ద గదిలో, పాత బండలు తీయించి కొత్తవి వేయించుకోవాలట. బావ ఐదు శుక్రవారాలు, ఉన్న ఒక్క సెలవూ వదులుకుని, ఆ గది చేసిపెట్టాడు. తన వంటవాడు వేసిన నేల అని ముసలాయన చుట్టాలకు చూపించి మురిసిపోయాడు. ఆయన చెడ్డవాడని నేననను. ఆయనకది తప్పనే తోచలేదు. నాకు కడుపు మండేదల్లా అక్కడే.

సంతకమైన కాయితం పట్టుకుని పర్మిట్ల ఆఫీసుకు వెళ్లాం. లోపల అడుగు పెట్టగానే బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "బామ్మర్ది, గిది నేనేసిందే" అన్నాడు. నిరుడు ఆ కాంట్రాక్టరే ఆ భవనం బాగుచేయించాడు. ఆ నేల బావ చేతి పని. కిటికీ దగ్గర ముక్కలు ఎట్లా సర్దాడో కూడా చూపించాడు. ఆయన ముఖంలో ఎంత ధైర్యం వచ్చిందో! ఇక్కడ తన పనికి వేరే సాక్ష్యం అక్కర్లేదనుకున్నాడు పాపం.

కౌంటరులో కూర్చున్నాయన కాయితాలు తిప్పి, సుతారి అని రుజువేది, సర్టిఫికెట్ ఏది అన్నాడు. ఈ నేల ఇతను వేసిందే సార్ అని చెప్పాను. ఆయన కిందికి చూడను కూడా చూడలేదు. నేల సర్టిఫికెట్ కాదు అన్నాడు. పైగా వంటవాడి పర్మిట్ మీద ఇక్కడ బండలెట్లా వేశాడని ఎదురడిగాడు. ఇక అసలు సంగతి బయటపెట్టాడు. కఫీల్ సంతకంతో పాత పర్మిట్ రద్దయింది, కొత్తది కుదరదు, కాబట్టి ఖలాస్, ఇక అయిపోయింది, వారంలో దేశం విడిచి వెళ్లాలి అన్నాడు. ఈ ముక్క మాకు అంతవరకూ ఎవ్వరూ చెప్పలేదు.

బావ నా భుజం పట్టి మళ్లీ కౌంటరు వైపు తిప్పాడు. "అడుగు బామ్మర్ది. గీ బండల మీదనే కుర్సీ ఏస్కొని కూసున్నడు గదా. తొక్కెతందుకు సర్టిఫికెట్ అక్కర్లేదు గని పరిసినోనికి కావాల్నా అని అడుగు. తల్కాయ దించుకొని అడగకు, మంచిగ అడుగు" అన్నాడు.

నేను అడగలేదు. నా పర్మిట్ కూడా ఆ నెలలోనే రెన్యూ కావాల్సి ఉంది, దాని మీద ముద్ర కొట్టేదీ ఆ చెయ్యే. తల దించుకుని, దయచేసి ఇంకోసారి చూడమంటున్నాడు సార్ అన్నాను. ఆయన చెయ్యి ఊపి వెనకవాణ్ని పిలిచాడు. బయటికొచ్చాక బావ, "నేను గంత చెప్తే నువ్వు గింతనే అన్నవేంది?" అన్నాడు. అరబ్బీలో అంతే బావా అన్నాను. ఆరో రోజు ఆయన వెళ్లిపోయాడు. విమానాశ్రయంలో చూపిన కాయితంలో కూడా ఆయన వంటవాడే. నేను ఇంకా తొమ్మిదేళ్లు అక్కడే ఉన్నాను. మా ఊరి నుంచి కొత్తగా ఎవరు వచ్చినా, కాయితం మీద ఏం రాసుందో అడగడం మానేశాను.

నేను తిరిగొచ్చేశాక, ఆయన మోకాళ్లు అరిగి పని మానేసిన రోజుల్లో, ఒక పొద్దున పక్కన కూర్చుని, ఆనాడు నువ్వన్నది నేను అడగనేలేదని నిజం చెప్పేశాను. ఆయన మోకాలి మీద నూనె రుద్దుకుంటూ, "తెల్సురా. అప్పుడే తెల్సు. నీ ముఖం చూస్తే తెల్వదా?" అన్నాడు. నూనె సీసాకు మూత పెట్టి, "నీ బతుకూ గా కుర్సీల కూసున్నోని చేతుల్నే ఉండె గదా" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం కూడా లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

ఆయన దాన్ని ఎప్పుడో దులిపేసుకున్నాడు. నాకే పోలేదు. ఏళ్లు గడిస్తే కోపాలు చల్లారతాయని పెద్దవాళ్లంటారు. అట్లా అన్నవాళ్లు ఎన్నడూ పరాయి దేశంలో ఒక కౌంటరు ముందు, తమవాడి మాటను తమ నోట్లోనే చంపుకుని నిలబడి ఉండరు.