సూర్యుడి కబురు

దోహాలో రంజాన్ నెల. అల్ సద్‌లో తెలుగువాళ్ల సభ. మన జాతిపిత మీద ఎవరెవరి ఆలోచనల ప్రభావం ఉందో నేను మాట్లాడాలి. నన్ను తీసుకువెళ్లడానికి మా ఊరి ఓబులేసు కారు తెచ్చాడు. మదీనత్ ఖలీఫాలో ఒక ఖతరీ కుటుంబానికి హౌస్ డ్రైవరతను.

దారిలో నేను నీళ్ల సీసా మూత తీయబోయాను.

“కొంచేపు ఓర్చుకోన్నా, పొద్దు గూకుతాంది. నేనూ ఒక్కపొద్దే,” అన్నాడు.

“నువ్వెందుకు?”

“మా సేటు వాళ్లమ్మ ఉందిలే. ఆ ముసలామె పస్తుంటే నాకు ముద్ద దిగదు. ఉండమని ఎవురూ చెప్పలేదు.”

నా ఉపన్యాసం కాగితాల్లో మొదట ఉన్నది ఒక రష్యా రచయిత. ఆయన్ని వదిలేసి, మహాత్ముడి తల్లి సంగతి అతనికి చెప్పాను. వానాకాలం వ్రతంలో సూర్యుణ్ణి చూడందే ఆవిడ అన్నం ముట్టేది కాదు. మబ్బు విడగానే పిల్లలు పరుగున వెళ్లి కబురు చెప్పేవారు. ఆవిడ బయటికి వచ్చేలోగా సూర్యుడు మళ్లీ దాక్కుంటే, నవ్వేసి పనిలో పడేది.

“ఆయమ్మకు కోపమే రాదా?” అన్నాడు ఓబులేసు.

అంతలో మసీదు నుంచి బాంగు వినిపించింది. సిగ్నల్ దగ్గర ఎవరో ఒక్కపొద్దు విడవడానికి కిటికీలోంచి ఖర్జూరాల పొట్లం అందించారు. ఓబులేసు దాన్ని విప్పలేదు. కారు పక్కన ఆపి ఫోను తీశాడు.

“మామా! మగ్రిబ్! యల్లా, తిను!” అని గట్టిగా అరిచాడు. నావైపు తిరిగి, “మా సేటు వాళ్లమ్మే. మామా అంటే ఈళ్ల మాటలో అమ్మని. చెవుడన్నా. పొద్దు గూకిందని ఇంట్లో ఎంతమంది చెప్పినా, నేను చెప్పేదాకా ఖర్జూరం ముట్టదు,” అన్నాడు.

ఫోనులో ముసలావిడ నవ్వు నాకూ వినిపించింది. అప్పుడు పొట్లం విప్పి, మొదటి ఖర్జూరం నా చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం నా ఉపన్యాసం రష్యా దాకా పోనేలేదు. ఆ తల్లి దగ్గరే ఆగిపోయింది.