నల్ల నువ్వుల ఉండలు

ఉదయం తొమ్మిదింబావుకు మా పాప లత ఎప్పటిలాగే బడికి బయలుదేరింది. నాలుగేళ్ల కిందటి మాట. అప్పుడు వనపర్తిలో ఉండేవాళ్లం. ఆ రోజు తన ఎనిమిదో పుట్టినరోజు.

"క్లాసుల అందరు చాక్లెట్లే పంచుతరు నాయినా" అని ముందునుంచే బతిమాలుతోంది. చక్కెర, మైదా ఇంట్లోకి రానివ్వని మా ఆయన ఒప్పుకోలేదు. పొట్టు తీయని నువ్వులే బలమని, నల్ల నువ్వులు వేయించి, బెల్లంతో తనే ఉండలు కట్టి డబ్బాలో పెట్టారు. ఆ రోజు శనివారమని మా ఇద్దరికీ తట్టలేదు.

మధ్యాహ్నం బడి ఆయమ్మ ఏడుస్తున్న పాపను ఇంటికి తీసుకొచ్చింది. డబ్బా నిండుగానే ఉంది.

"శనివారం నల్ల నువ్వులు పంచుడేంది సారూ? పిల్లలు ముట్టలే. 'మీ నాయినకు దినాలు చేస్తున్నరా' అని ఒకటే నవ్వుడు."

"గివన్ని ఉత్త ముచ్చట్లు బిడ్డా" అంటూ ఆయన ఒక ఉండ నోట్లో వేసుకున్నారు. లత ఆయన చేయి పట్టి లాగింది. "తినకు నాయినా!"

ఆ నెలలోనే కొత్తకోట దగ్గర లారీ గుద్ది ఆయన పోయారు. పదోరోజు కర్మలో నువ్వులు చూడగానే లత నన్ను అడిగింది: "నేను పంచినందుకేనా అమ్మా?"

కాదని చెప్పాను. ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను. నమ్మదు.

ఏ తిండిలో ఏముందో ఆయన చాలా చదివారు. తోటిపిల్లల చేతిలో ఒక చాక్లెట్ పెట్టడం ఎనిమిదేళ్ల పిల్లకు ఎంత అవసరమో ఆ పుస్తకాల్లో లేదు.

మా ఇంట్లో ఇప్పుడు లత పుట్టినరోజు చేయడం లేదు.