పఠాన్ పెట్టెలో తాపీలు

ఆ పొద్దున కంపెనీ పికప్ ఎక్కడం నా తప్పే. ఎవరూ చెయ్యి పట్టి లాగలేదు. మొన్న మా పక్కింటివాళ్ళు స్లాబ్ వేస్తుంటే కంకర మిల్లర్ చప్పుడు విని అరుగు మీద కూర్చున్నాను. మధ్యాహ్నానికి మిల్లర్ చెడిపోయి పని సగంలో ఆగింది. మేస్త్రీ తల పట్టుకున్నాడు. నాకు మాత్రం దుబాయ్‌లో మేమున్న అల్ కుసైస్ లేబర్ క్యాంపు గుర్తొచ్చింది.

ఎనభైల మొదట్లో మాట. మా క్యాంపుకు ట్యాంకర్‌లో వచ్చే నీళ్ళు ఉప్పగా ఉండేవి. చాయ్ పెడితే పాలు విరిగేవి, ఎంత మంట పెట్టినా పప్పు ఉడికేది కాదు. కడుపునొప్పితో ఒక్కొక్కరే మంచం పట్టడం మొదలయ్యాక, మంచినీళ్ళు వచ్చేదాకా పనికి తీసుకెళ్ళే బస్సు ఎక్కొద్దని అందరం అనుకున్నాం. యూనియన్ అన్న మాట పైకి అనే వీల్లేని దేశం అది. మాకు జెండా లేదు, రసీదు పుస్తకం లేదు. అందరి తరఫునా కంపెనీ ముదీర్‌తో, అంటే మేనేజర్‌తో, మాట్లాడింది మా బావ. మేనత్త కొడుకు. నాకు తాపీ పట్టడం నేర్పినవాడు, ఉన్న కాస్త భూమీ కుదువబెట్టి దుబాయ్ వచ్చినవాడు. సమ్మె విరిగితే మొదట ఇంటికి పంపేది తననేనని అతనికీ తెలుసు, మాకూ తెలుసు.

సమ్మె మొదటిరోజు పొద్దున ఫోర్‌మన్ వెనక గేటు దగ్గరికి పికప్ తెచ్చి నన్ను పిలిపించాడు. ముందురోజు మేం సగం పోసిన స్లాబ్ అట్లాగే ఉందనీ, ఇంకా ఆలస్యమైతే అతుకు పడి ఎప్పటికీ కారుతూనే ఉంటుందనీ, మొదలుపెట్టిన చెయ్యే ముగించాలనీ అన్నాడు. తాపీ పనివాడికి అంతకన్నా పెద్ద వల ఉండదు. పని మీద ప్రేమేనని నాకు నేను చెప్పుకున్నాను. అందులో భయం పాలు తక్కువేం కాదు. ఎక్కడి నుంచో తెచ్చిన కూలీలు మాలు అందిస్తుంటే సాయంత్రందాకా ఒక్కణ్ణే మట్టం తీశాను. అద్దంలా వచ్చింది.

తిరిగొచ్చేసరికి క్యాంపంతా వాకిట్లో అన్నానికి కూర్చుంది. సమ్మె మొదలవగానే గదుల్లో పొయ్యిలు ఆపి, అందరి బియ్యం, పప్పు మా క్యాంపులోనే ఉండే, వంట తెలిసిన ఒక పఠాన్ పెద్ద డేగిశాలో పోశారు. పఠాన్ల పద్ధతి ప్రకారం నలుగురైదుగురికి ఒకటే పళ్ళెం. ఏ పళ్ళెం దగ్గర కూర్చోవాలో తెలియక నిలబడ్డాను. బామ్మర్దే పనికొచ్చాడు కాబట్టి సమ్మె ఖలాస్ అనీ, రేపు మిగతావాళ్ళు రాకపోతే బావకు ఇంటికి టికెట్ తయారనీ ముదీర్ అప్పటికే వచ్చి చెప్పి వెళ్ళాడట.

"కూసో బామ్మర్ది," అన్నాడు బావ, పక్కకు జరిగి. "స్లాబ్ మంచిగొచ్చిందా?"

"వచ్చింది బావా."

"ఇగ మమ్ముల గూడ గట్లనే జూడు. అతుకు వడకుంట."

పఠాన్ ఒక రొట్టె తుంచి నా వైపు తోశాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే నా తాపీ తీసుకెళ్ళి పఠాన్ ఇనుప పెట్టెలో వేసి తాళం వెయ్యమన్నాను. మనసు మారినా చేతికి దొరకకూడదని. అది చూసి ఒక మలయాళీ వడ్రంగి నవ్వుతూ తన సుత్తి పడేశాడు. మధ్యాహ్నానికి క్యాంపులో ఉన్న తాపీలూ మట్టాలూ కటింగ్ ప్లయర్లూ అన్నీ అందులోకే చేరాయి. మూత పడకపోతే పఠాన్ దాని మీదే కూర్చుని నొక్కి తాళం వేసి, అక్కడి నుంచే చాయ్ పోశాడు. రెండోసారి ఫోర్‌మన్ నన్ను పనికి పిలవడానికి వచ్చినప్పుడు, "పెట్టె మీద పఠాన్ కూసున్నడు సాబ్, లెవ్వుమని మీరే జెప్పుండ్రి," అన్నాను. ఆ మాట చెప్పుకుని క్యాంపు చాలా రోజులు నవ్వింది. నవ్వు అవసరమైన రోజులవి. కంపెనీ ఉప్పునీళ్ళ ట్యాంకర్ కూడా ఆపేసింది. పక్క క్యాంపుల నుంచి ఇసుకలో డ్రమ్ములు దొర్లించుకుని తెచ్చుకున్నాం. బావను పంపేస్తామంటే, అందరికీ టికెట్లు తెమ్మని నాలుగు భాషల్లో చెప్పాం. వారాలు గడిచాయి, ఒక్కడూ బస్సెక్కలేదు. చివరికి మంచినీళ్ళ ట్యాంకరే వచ్చింది. బావ మాతోనే ఉన్నాడు. పఠాన్ లేచి తాళం తీశాడు.

ఆ రోజు నుంచి నేను దుబాయ్ వదిలేదాకా, తెల్లవారకముందే లేచి ట్యాంకర్ నీళ్ళు పట్టి ప్రతి గది గుమ్మం ముందూ బిందె పెట్టాను. చాలు ఆపమని బావ ఒకసారి అన్నాడు, ఆపలేదు. నేను అద్దంలా తీర్చిన ఆ స్లాబ్‌ను, బిల్డింగ్‌తో సహా ఎప్పుడో పడగొట్టారని విన్నాను. బావ మాత్రం ఇప్పటికీ పొద్దున్నే ఫోన్ చేసి, "నీళ్లొచ్చినయా బామ్మర్ది?" అని అడుగుతాడు. కాలం సిమెంటును కూల్చి, ఈ ఒక్క పలకరింపును నిలబెట్టింది.