కుడి రెక్క అడుగు రేకు

మా ఆయన మెర్ల్ ముప్పై నాలుగేళ్లు పాల ట్యాంకరు నడిపాడు. పెళ్లికి ముందు చిన్న విమానం నడపడం నేర్చుకుని లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు కానీ, మొదటి బిడ్డ పుట్టగానే మానేశాడు. అయోవాలో పాడి పనికీ ఆ సరదాకీ పొత్తు కుదరలేదు. రిటైరైన వారానికి లారీలో నాలుగు చెక్కపెట్టెలు దిగాయి. రెండు సీట్ల విమానం, ముక్కలు ముక్కలుగా.

"ఇక ఎగిరితే దీంట్లోనే ఎగురుతా లవోన్," అన్నాడు.

"గ్యారేజీ నిండా ఇదే ఉంటే నా కారెక్కడ పెట్టుకోను?"

"మంచులో ఉంటే కారు చెడిపోదు. నువ్వు నడిపితేనే చెడిపోతుంది."

పదకొండు చలికాలాలు నా కారు మంచులోనే ఉంది.

రేకుల్ని కలిపే రివెట్లు కొట్టడం ఒక్కరి పని కాదు. బయట ఒకరు రివెట్ గన్‌తో కొడుతుంటే, లోపల ఇంకొకరు ఇనప దిమ్మ అదిమిపెట్టి ఉండాలి. నా చేతులు సన్నం కాబట్టి లోపలి పని నాది. చెవులు మూసుకుంటాం కనుక మాట వినపడదు. రేకు మీద ఒకసారి తడితే బాగుందని, రెండుసార్లు తడితే మళ్లీ కొట్టమని.

"నువ్వు నోరెత్తకుండా నా తప్పు చెప్పేది ఇక్కడొక్కచోటే," అనేవాడు.

ఎనిమిదో ఏట రెక్కల వెనక ఉండే ఫ్లాపులు మొదలుపెట్టాడు. ఎడమది చేశాడు. కుడిది చేస్తున్నాననుకుని మళ్లీ ఎడమదే చేశాడు. పని చూసిపోయే స్నేహితుడు డ్వేన్, తను అప్పటికే ఒక విమానం కట్టి ఎగురుతున్నవాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఒరేయ్, రెండు ఎడమలు చెయ్యనివాడు విమానం కట్టినట్టే కాదురా. నేను చేసినదాన్ని మా ఆవిడ వంటింట్లో తగిలించింది, తువాళ్లు ఆరేసుకోడానికి."

మెర్ల్ మళ్లీ సామాను తెప్పించాడు. ఆరు వారాలకు మూడోది పూర్తయింది. అదీ ఎడమదే. మూడూ బల్ల మీద పక్కపక్కనే పెట్టి మమ్మల్ని పిలిచాడు. డ్వేన్ చూసి టోపీ తీసేశాడు.

"ఏంటిరా, ఎవరైనా పోయారా?" అన్నాడు మెర్ల్.

ఆ వసంతంలో డాక్టరు జబ్బు పేరు చెప్పాడు. జ్ఞాపకం మెల్లగా పోతుందన్నాడు. విమానం సంగతి సరే, కారు కూడా నడపొద్దన్నాడు.

కుడి ఫ్లాపు డ్వేనూ నేనూ చేశాం. మరో మూడేళ్లు మెర్ల్ పక్కన నిలబడి, ఏది ముందో ఏది వెనకో చెబుతూ పని నడిపించాను. చివరికి కుడి రెక్క అడుగు రేకు ఒక్కటే మిగిలింది.

"ఈ రేకు మూయండి చాలు," అన్నాడు డ్వేన్. "ఇంజను నేను బిగిస్తా. చట్టం ప్రకారం ముందు నేనొక్కణ్ణే నలభై గంటలు ఎగిరి చూడాలి. వచ్చే జూన్‌కి వీణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటా. నా దాంట్లో రారా అంటే రాడాయె, మొండోడు."

మెర్ల్ కొట్టిన వాటిలో సగం రివెట్లు వంకర పోయేవి. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే వాటిని డ్రిల్లుతో తీసేసేదాన్ని. మర్నాడు ఖాళీ కన్నాలు చూసి, "ఇంకొక్క వరసే మిగిలింది లవోన్," అని సంబరంగా గన్ అందుకునేవాడు. ఆ రెండు మూడు గంటలూ పాత మెర్ల్. ఈల వేసేవాడు కూడా.

అక్టోబరులో ఒకరోజు వరస మొత్తం పూర్తయింది. ఎలా కుదిరిందో, అన్నీ మంచి రివెట్లే. మర్నాడు మెర్ల్ గ్యారేజీలోకి వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు.

"నా పని ఎక్కడ దాచావ్?" అని నా మీద అరిచాడు. నలభై ఏడేళ్లలో నా మీద అరవడం అదే మొదలు.

పాత రేకు ముక్క ఇస్తే, "ఈ చెత్త నాకెందుకు?" అని విసిరేశాడు. మూడో రోజు కారు తాళాలు తీసుకుపోయాడు. నాలుగు మైళ్ల అవతల, సోయా చేను పక్క కాలవలో కారు దొరికింది. ఆయన అందులోనే, ఇంటి చెప్పులతో కూర్చుని ఉన్నాడు.

"పనికి ఆలస్యమైపోయింది," అన్నాడు.

మర్నాడు ఆయన పడుకోగానే ముప్పై ఒక్క మంచి రివెట్లు తీసేశాను.

ఆ తర్వాత రోజూ అదే పని. నెల తర్వాత డ్వేన్ వచ్చి ఆ వరస మీద బొటనవేలు పెట్టి నడిపాడు.

"కన్నాలు కోడిగుడ్ల ఆకారానికి వచ్చాయి లవోన్. ఇంకా తీస్తే లోపలి బద్దలు కూడా పోతాయి. ఈ రెక్క ఎగరదు."

"తెలుసు."

"వాడికి ఎగిరే ఆ ఒక్కరోజు ఉండొద్దా?"

"ఉండాలి. జూన్ దాకా రోజూ పొద్దున మెర్ల్‌ని ఏం చెయ్యమంటావో అది కూడా చెప్పు."

డ్వేన్ టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. చలికాలమంతా మెర్ల్ అదే వరస కొట్టాడు, నేను లోపలినుంచి ఒక్కసారే తట్టాను, వంకర పోయినా సరే. ఫిబ్రవరికి గన్ ఎటు పట్టుకోవాలో తెలియలేదు. మార్చిలో న్యుమోనియా వచ్చింది. తొమ్మిది రోజుల్లో పోయాడు.

జూన్‌లో డ్వేన్ ఫోను కూడా చెయ్యకుండా వచ్చి, "పద, నా దాంట్లో తిప్పుతా," అన్నాడు. నేను చిన్న విమానం ఎక్కడం అదే మొదటిసారి. చెట్లు దాటాక ఊగడం ఆగింది. మొక్కజొన్న చేలు, ఏరు, అన్నీ ఒక్క చూపులో పట్టేలా పరుచుకుని ఉన్నాయి. వెతుక్కోవలసిందేమీ లేదు. గుర్తుపెట్టుకోవలసిందీ లేదు. మెర్ల్ ఆ సీట్లో కూర్చుంటే ఏం చేసేవాడో నాకు తెలిసిపోయింది. ఊరికే చూస్తూ ఉండేవాడు. పని అడిగేవాడు కాదు.

నేను ఆయనకు ఒక చలికాలపు పొద్దులన్నీ ఇచ్చి, దీన్ని ఆయన దగ్గర్నుంచి తీసేసుకున్నాను.

కిందికి దిగాక డ్వేన్ ఇంజను ఆపి, "ఎలా ఉంది?" అనడిగాడు.

నేను పక్కనున్న రేకు మీద ఒకసారి తట్టాను.