బొట్టు పెట్టిన పెట్టె

నేను కుప్పంలో కానిస్టేబుల్‌ని. ఈ యూనిఫాం రావడానికి ఒక చెక్కపెట్టె కారణమంటే స్టేషన్లో అందరూ నవ్వుతారు. నవ్వనీ, నాకేం.

మొదటిసారి సెలక్షన్లకు పోయినప్పుడు లాంగ్ జంప్‌లో నాలుగు వేళ్ల తేడాతో పోయింది. నూరు మీటర్ల పరుగు, జంపు రెండిట్లో ఒకటి దాటాలి; పరుగులో నాకు ఆశ లేదు, జంపే దిక్కు. రెండోసారి కూడా పోతే వయసు దాటిపోతుంది, ఇక అంతే సంగతులు. కాళ్లకు బలం రావాలంటే ఎత్తు పెట్టె మీదికి రెండు కాళ్లతో ఎగరాలని ఫోన్లో వీడియోలు చూసి తెలుసుకున్నాను. మాది మదనపల్లె, నాన్న పని టమోటా మండీలో. మా ఇంట్లో ప్లాస్టిక్ క్రేట్లకు కరువా? రెండింటిని బోర్లించి ఒకదాని మీద ఒకటి పెట్టి ఎగిరాను. మూడోసారికే పైది జారి మోకాలి కింద తోలు లేచిపోయింది.

"టమోటాలు మోసేదాన్ని నిన్ను మొయ్యమంటే మోస్తాదా?" అని నాన్న నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

పుంగనూరులో మా మేనమామ వడ్రంగి. ఆయనే మోకాలెత్తు పెట్టె చేసి, లోపల అడ్డకర్రలు బిగించి, టమోటా బండిలో వేసి పంపాడు. దాన్ని వెనక వసారాలో పెట్టుకుని రోజూ పొద్దున్నే ఎగిరేదాన్ని. నాన్నను కన్న అవ్వ కాఫీ గ్లాసు పట్టుకుని పక్కనే కూర్చునేది. "కప్ప కూడా ఇంత పనిగట్టుకుని ఎగరదే" అని ఎగతాళి చేసేది.

రెండో సెలక్షన్లకు ఇంకా రెండు వారాలున్నాయనగా ఆయుధపూజ వచ్చింది. అమ్మ కత్తిపీట కడిగింది, నాన్న బండి కడిగింది, నా పెట్టెనూ కడిగింది. పైచెక్క నిండా పసుపు పూసి మూడు పెద్ద కుంకుమ బొట్లు పెట్టింది. అవ్వ అటువైపు రాలేదు. తాత పోయినప్పటి నుంచి ఆమె పసుపు కుంకుమల దగ్గరికి రాదు. రమ్మని మేమూ ఎప్పుడూ అనలేదు.

మర్నాడు ఎగరబోతుంటే అమ్మ వంటింట్లోంచి కేకేసింది.

"ఏయ్! బొట్టు పెట్టినదాన్ని తొక్కుతావా? బుద్ధుండాదా?"

"బండికీ పెట్టినావు గదా, నాయన దాని మీద కూర్సోలేదా?"

"కూర్సునేది వేరు, తొక్కేది వేరు. గడపకు బొట్టు పెడతాం, తొక్కుతామా? బొట్టు ఉండేదాకా దాని మీద కాలు పెట్టద్దు."

"అయితే తుడిసెయ్."

అమ్మ చెంపలేసుకుంది. "మొగుడుండే ఆడది చేతులారా బొట్టు తుడిసేదా?" అంది. నన్నూ తుడవనివ్వలేదు, పెళ్లి కావాల్సిన పిల్లనట! నాన్నను అడిగితే, "నన్ను లాగద్దండమ్మా" అని మండీకి జారుకున్నాడు.

రెండు రోజులు అట్లాగే పోయాయి. పసుపు ఎండి చెక్కను ఇంకా గట్టిగా పట్టుకుంది. నేను నోరు పారేసుకున్నాను. "నా ఉద్యోగం పోతే నీ పసుపు కుంకుమలు నాకు అన్నం పెడతాయా?" అన్నాను. అమ్మ ఏడ్చింది. అంత అరిచినదాన్ని, తడిగుడ్డ తీసుకుని నేనే తుడిచేయొచ్చు కదా. తుడవలేదు. సెలక్షన్ల ముందు ఏం కీడు జరుగుతుందోనని లోపల నాకూ భయమే.

మూడో రోజు పొద్దున్నే వసారాలోకి వస్తే అవ్వ పెట్టె పక్కన నేల మీద కూర్చుని ఉంది. చేతిలో తడిగుడ్డ. మొదటి బొట్టు అప్పటికే పోయింది, రెండోదాన్ని రుద్దుతోంది. అమ్మ వంటింటి వాకిట్లో నిలబడి చూస్తోంది గానీ వద్దనలేదు.

"అవ్వా, నీకు యాల ఈ పని?"

"ఇంకెవురు తుడుస్తారు పాపా? నాకు కొత్తగా పోయేదేముండాది? పోయేది ఎప్పుడో పోయె."

మూడోదీ తుడిచి, మూలల్లో పసుపు కూడా పోయేదాకా రుద్ది, గోడ పట్టుకుని లేచింది.

"ఊ, ఎగురు" అంది.

ఎగిరాను. ఆ రోజూ, ఆ తర్వాత ఒక్క రోజూ మానకుండా ఎగిరాను.

సెలక్షన్లలో గీత దాటాను, ఈసారి జానెడు మిగిలింది. గ్రౌండ్ బయటికి రాగానే ఇంటికి ఫోన్ చేసి, అవ్వకివ్వమన్నాను.

"నీ వల్లే అవ్వా" అన్నాను.

"నాదేముండాదమ్మా? గుడ్డతో తుడిసేదానికి ఎవురైనా తుడుస్తారు" అంది.

ఎవరూ తుడవలేదు. ఇంట్లో ఆమె కాక ముగ్గురం ఉన్నాం. ముగ్గురమూ కలిసి ఆ పని ఆమెకే వదిలేశాం.