శ్రమకు తూర్పున ఏముంది?

నా చిన్నప్పుడు వ్యాసం రాయమంటే నాకు భయం ఉండేది కాదు. అసలు తంటా అక్కడే వచ్చింది. పెన్ను పట్టుకుంటే ఇక ఆగేదాన్ని కాదు. వానాకాలం గురించి రాయమంటే వానతో మొదలుపెట్టి, మా మేనమామ పెళ్ళిలో పందిరి తడిసిన సంగతి రాసి, ఆ పెళ్ళిలో నాకు అప్పడాలు అందని సంగతి దగ్గర తేలేదాన్ని. మా తెలుగు సారు కింద ఎర్ర పెన్నుతో 'వాన ఏమైంది?' అని రాసి ఇచ్చేవారు. వాన ఏమైందో నాకు మాత్రం ఏం తెలుసు?

మాది ఇబ్రహీంపట్నం. అప్పుడు నేను ఏడో తరగతి. హైదరాబాదు మా వైపు ఉరికి వస్తున్న రోజులవి. సాగర్ రోడ్డుకు అటూ ఇటూ జొన్న చేలల్లో రంగు రాళ్ళు పాతి, ప్లాట్లు చేసి, వెంచర్లని పేర్లు పెడుతున్నారు. మా బాపు, అంటే మా నాన్న, ఊరి చెరువులో చేపలు పట్టేవాడు. వరసగా వానలు ఎగ్గొట్టి చెరువు అడుగంటేసరికి, వల చుట్టి అటక మీద పడేసి, దిల్‌సుఖ్‌నగర్‌లో కొత్తగా కట్టిన ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా వెళ్ళాడు. ఆదివారం ఆదివారం మా వీధి కిరాణా కొట్టుకు ఫోన్ చేసి, సెలవు దొరకలేదు బిడ్డా, వచ్చే నెల వస్తా అనేవాడు. ఐదు నెలలు గడిచినా ఆ వచ్చే నెల రాలేదు.

అలాంటప్పుడు సారు పోటీ సంగతి చెప్పారు. శనివారం మా బడిలో 'శ్రమ విలువ' మీద వ్యాసం రాయాలట. అందరికంటే బాగా రాసిన ఒక్కరిని దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగే పెద్ద పోటీకి ఆయనే బస్సులో తీసుకెళ్తారట. దిల్‌సుఖ్‌నగర్! ఆ పేరు చెవిన పడగానే నాకు శ్రమా కనబడలేదు, విలువా కనబడలేదు, బాపు ఒక్కడే కనబడ్డాడు. ఎలాగైనా నేనే పోవాలి. కానీ నా రాత సంగతి నాకు తెలుసు కదా! ఇంటికొచ్చి గడప మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

మా పక్కింటి తాత రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు రేకుల షెడ్డులో బల్ల వేసుకుని, భూముల అమ్మకం కాగితాలు రాసేవాడు. ఊరంతా అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళే అయిన ఆ రోజుల్లో ఆయనకు అన్నం తినే తీరిక ఉండేది కాదు. నా ఏడుపు విని గోడ మీదుగా తొంగి చూసి, సంగతంతా అడిగి, చాలా తేలిగ్గా ఒక మాట అనేశాడు.

"గీ మాత్రం దానికి ఏడుస్తరా? రాసే ముందు నాలుగు హద్దులు జూస్కో. తూర్పుకేమున్నది, పడమరకేమున్నది... గంతే."

అంతేనట! ఆ మాట అనేసి ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. నేను కాగితం ముందేసుకుని కూర్చున్నాను. శ్రమకు తూర్పున ఏముంటుంది? ఎంత ఆలోచించినా బుర్రకు తట్టలేదు. చివరికి మా ఇంటికి తూర్పున ఏముందో అదే రాశాను, పిండి గిర్నీ. పడమర మంగలి షాపు. ఉత్తరాన సైకిళ్ళు బాగుచేసే కొట్టు. దక్షిణాన పక్కింటి తాతే ఉంటాడు కాబట్టి ఆయన పేరే రాశాను.

మర్నాడు బడి విడిచాక ఆ కాగితం షెడ్డుకు తీసుకెళ్ళి చూపించాను. తాత చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. ఆ తరవాత కడుపు పట్టుకుని నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన చెప్పిందే కదా నేను చేసింది! "ఇక్కడ కూసో. నోరు మూస్కొని చెవులు తెర్సుకో" అని బల్ల పక్కన స్టూలు చూపించాడు.

అంతలో మంచాల వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. తన మెట్ట చేను అమ్ముతున్నాడు, దానికి కాగితం రాయాలి. కూర్చోగానే చెప్పడం మొదలుపెట్టాడు. ఆ చేనులో బావి తనే తవ్వాడట. పెళ్ళాం గంపతో మట్టి ఎత్తిపోసిందట. నీళ్ళు పడలేదట. పడమటి గట్టు దగ్గర వాళ్ళ ఎద్దు ఒకటి దున్నుతూ దున్నుతూ కూలబడి చచ్చిపోయిందట. ఎద్దు దగ్గరికి వచ్చేసరికి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తాత పెన్ను మూత కూడా తీయకుండా అంతా విన్నాడు. చాయ్ తెప్పించాడు. ఆయన తాగాక, తూర్పుకు ఎవరి చేను, పడమరకు ఎవరిది, బాట ఎటు దిక్కు అని అడిగి, ఒక చిత్తుకాగితం మీద డబ్బా గీసి, నాలుగు పక్కలా ఆ పేర్లు వేసుకున్నాడు. అప్పుడు మొదలుపెట్టాడు అసలు కాగితం. ఇక మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదు.

రాసిందంతా నేను పైనుంచి కిందికి చదివాను. ఎద్దు లేదు. మట్టి మోసిన ఆమె కూడా లేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఎద్దు ఎక్కడ పోయిందని తాతను నిలదీశాను.

"ఈ కాగితం భూమి కోసం బిడ్డా, ఎద్దు కోసం కాదు. నీ కాగితం నడుమ ఏముండాల్నో నువ్వు జెప్పాలె. నడుమది తెల్సుకుంటే, పక్కపొంటి ఏమేమున్నయో తెలుస్తయ్. ఆడిదాక వోవాలె, ఆగాలె. పక్కోని జాగల కాలు వెట్టొద్దు."

సగం అర్థమైంది, సగం కాలేదు. ఎద్దును నడుమ పెడితే చేను అవతలికి పోతుందా? చేను లేకుండా ఎద్దు ఎక్కడ దున్నుతుంది? రెండు రోజులు ఇదే ధ్యాస. అన్నంలో పప్పు కలుపుతూ అడిగితే మా అమ్మ, నాకు దయ్యం పట్టిందేమోనని నుదురు ముట్టి చూసింది.

శనివారం రానే వచ్చింది. చిత్తుకాగితం మీద డబ్బా గీశాను. నడుమ 'శ్రమ' అని రాస్తే ఏమీ తోచలేదు, కొట్టేశాను. 'చెరువు' అని రాసి అదీ కొట్టేశాను. చివరికి 'బాపు' అని రాశాను. ఇక నాలుగు పక్కలూ వాటంతటవే వచ్చాయి. తూర్పున చెరువు ఎండిన సంగతి. పడమర, వల వదిలేసి పోయాడని బాపును మా నాయనమ్మ తిట్టే తిట్లు. ఉత్తరాన పట్నం మేడలు. దక్షిణాన, 'బాపు ఎప్పుడు వస్తాడో' అని రాశాను. వాటిలో దేంట్లోనూ కాలు పెట్టకూడదు.

లోపల ఒక్క సంగతే మిగిలింది. తెల్లారకముందే నడుముదాకా నీళ్ళలో దిగే మనిషి, ఇప్పుడు గేటు దగ్గర కుర్చీలో పొద్దంతా కూర్చుంటున్నాడు. ఊకె కూసునుడే మస్తు కష్టమైతుంది బిడ్డా అని ఒకసారి ఫోన్‌లో అన్నాడు. కూర్చోవడం శ్రమేనా? నాకు తెలియదు. తెలియదనే రాశాను. నాలుగైదు సార్లు పెన్ను దక్షిణం వైపు పోబోతే పళ్ళు బిగించి వెనక్కి లాక్కున్నాను. పేజీన్నర అయింది. సారు అటూ ఇటూ తిప్పి, గింతేనా అన్నారు. సోమవారం నన్నే ఎంపిక చేశానని చెప్పారు. ఎర్ర గీత ఒక్కటీ లేదు.

పెద్ద పోటీ రోజున, సారు ముందే కబురు పెట్టినందుకు, బాపు గంట సెలవు అడుక్కుని పోటీ జరిగే బడి గేటు దగ్గరికి వచ్చాడు. నీలం రంగు వదులు చొక్కాలో మొదట గుర్తుపట్టలేదు, గుర్తుపట్టాక వదల్లేదు. ఏం రాసినవ్ బిడ్డా అని అడిగాడు. ఆయన గురించే రాశానని చెప్పకుండా, ఆ శనివారం నాటి చిత్తుకాగితం తీసి చేతిలో పెట్టాను.

బాపుకు చదువు రాదు. డబ్బా చూసి ప్లాటు అనుకున్నాడు, మా ఊళ్ళో అప్పుడు ఎవరి చేతిలో చూసినా అలాంటి కాగితాలే కదా. "ఎవల జాగ ఇది?" అన్నాడు. నడుమ ఉన్న మాట మీద వేలు పెట్టి, 'బాపు' అని చదివి చెప్పాను. ఆ మాట మీద తనూ వేలు పెట్టాడు. తరవాత ఆయన వేలు కిందికి, దక్షిణం హద్దు మీదికి జరిగింది.

"మరి ఈ దిక్కు?"

చదివాను. దీన్ని లోపలికి రానియ్యలేదు బాపు, పక్కకే పెట్టిన అన్నాను. బాపు మొహం అటు తిప్పుకున్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదలు, అదే ఆఖరు. సారు రెండోసారి పిలిచేదాకా నేను లోపలికి కదల్లేదు.

ఆ పోటీలో నాకేమీ రాలేదు. ఇప్పుడు నేనూ పిల్లలకు వ్యాసాలు నేర్పుతున్నాను. హద్దులు గీయమని, దాటొద్దని వాళ్ళకు చెబుతాను. తాత చెప్పింది తప్పు కాదు, నా వ్యాసం నిలబడింది వాటి వల్లనే. అయినా నా తికమక ఇప్పటికీ తీరలేదు. నడుమ అంత పెద్ద అక్షరాలతో బాపు పేరు రాస్తే, ఆయన వేలు నేను బయట పెట్టినదాని మీదికే పోయింది. అందుకే ఏ పిల్ల చిత్తుకాగితం నా చేతికొచ్చినా, ముందు నడుమ చూడను, అంచుల్లో ఏం పెట్టిందో చూస్తాను.